బేరింగ్ హోరుకి టైర్లు మార్చారు, షాకులు మార్చారు, చివరికి మంచి వైపు బేరింగ్ మార్చారు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: ముందు కుడి చక్రం బేరింగ్ పోతే, అది తప్ప మిగతావన్నీ మార్చి డబ్బు కట్టించుకున్న మీ విజయవాడ సర్వీస్ సెంటర్ మీద ఫిర్యాదు.

నమస్కారం అండి. నేను విజయవాడ పాయకాపురంలో ఉంటాను. మీ కంపెనీ డీజిల్ హ్యాచ్‌బ్యాక్ 2013లో కొత్తది కొన్నాను, అప్పటి నుంచి నా చేతిలోనే ఉంది, 1,18,000 కిలోమీటర్లు తిరిగింది. వారంటీ అయిపోయాక చాలామంది బయట మెకానిక్‌ల దగ్గరికి వెళ్లిపోతారు, నేను వెళ్లలేదు. పన్నెండేళ్లుగా ప్రతి సర్వీసూ మీ దగ్గరే. బిల్లులన్నీ ఫైల్లో ఉన్నాయి, ఈ లేఖతో పాటు నాలుగింటి కాపీలు పెడుతున్నాను.

సంగతి మొదటి నుంచి చెప్పాలి, ఎందుకంటే మీ వాళ్లు మొదటి నుంచి విని ఉంటే ఈ లేఖ రాసే పనే ఉండేది కాదు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం అంతా మునిగింది కదా. మా వీధి కాస్త మెరక కాబట్టి ఇంజిన్ దాకా నీళ్లు రాలేదు కానీ చక్రాలు సగానికి పైగా మునిగి, కారు ఐదు రోజులు ఆ బురదనీళ్లలోనే నిలబడింది. నీళ్లు తీశాక టో చేయించి మీ సర్వీస్ సెంటర్‌కే తెచ్చాను. ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్ మార్చారు, బ్రేకులు విప్పి శుభ్రం చేశారు, లోపల కార్పెట్లు ఆరబెట్టారు. ఆ పని బాగానే చేశారు, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ చక్రాల బేరింగుల మాట ఒక్కరూ ఎత్తలేదు. బేరింగ్‌కి ఉండే సీలు వాన చినుకుల్ని, రోడ్డు మీద ఎగిరే నీళ్లని ఆపుతుంది గానీ రోజుల తరబడి నీళ్లలో మునిగి ఉండటానికి చేసింది కాదు. లోపలికి నీరు దిగితే గ్రీజు పాడవుతుంది, బాల్స్ మీద, అవి తిరిగే రేస్ మీద తుప్పు గుంటలు పడతాయి, ఆ హోరు బయటపడేది కొన్ని నెలల తర్వాత. ఇది నాకు అప్పుడు తెలియదు. మీకు తెలియాలి.

2025 జనవరి చివర్లో చప్పుడు మొదలైంది. అరవై దాటితే "గూఁ" అని సన్నగా హోరు, ఎనభైకి వెళ్తే లోపల మాట్లాడుకునే మాట వినపడనంత. ఏలూరు వెళ్తూ హైవే మీద నేనే కొంత గమనించాను. క్లచ్ తొక్కి ఆక్సిలరేటర్ వదిలేస్తే ఇంజిన్ చప్పుడు తగ్గింది గానీ ఈ హోరు అలాగే ఉంది, బండి వేగం తగ్గుతున్న కొద్దీ మాత్రమే తగ్గింది. అంటే ఇంజిన్ నుంచి కాదు, తిరిగే చక్రాల వైపు నుంచి. ఇంకోటి, రోడ్డు ఎడమకి ఒంపు తిరిగిన చోట హోరు పెరిగేది, కుడికి తిరిగితే దాదాపు ఆగిపోయేది. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని మరీ ఫిబ్రవరిలో మీ సర్వీస్ అడ్వైజర్‌కి ఇచ్చాను, వరదలో మునిగిన సంగతి కూడా చెప్పాను.

జాబ్ కార్డ్ మీద ఆయన రాసింది ఇంతే: "ఫ్రంట్ నాయిస్, చెక్ చేయాలి." ఎంత స్పీడులో, ఏ మలుపులో, ఎప్పటి నుంచి, ఏదీ లేదు. టెస్ట్ డ్రైవ్ అని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని సర్వీస్ రోడ్డు మీద ఏసీ వేసుకుని నలభైలో ఒక చుట్టు తిప్పి తెచ్చారు. అరవై దాటితే వచ్చే చప్పుడు నలభైలో ఎలా వినిపిస్తుందండి? హైవే ఎక్కుదాం అన్నాను, టైం లేదన్నారు. లిఫ్ట్ మీద ఎక్కించి చక్రం పట్టుకుని ఊపి చూసి "ప్లే ఏం లేదు సార్, బేరింగ్ ఓకే, టైర్లు అరిగాయి, టైర్ సౌండే" అన్నారు. బేరింగ్ చెడటం మొదలైన కొత్తలో చక్రానికి ప్లే, అంటే వదులు, రాకపోవచ్చు, హోరు మాత్రం వస్తుంది. ప్లే లేదు కాబట్టి బేరింగ్ బాగుందని చెప్పడం తప్పు అని మీ ట్రైనింగ్‌లోనే చెప్పి ఉండాలి. టైరు హోరు అయితే రోడ్డుని బట్టి మారుతుంది, సిమెంటు రోడ్డు మీద ఒకలా, కొత్త తారు మీద ఒకలా ఉంటుంది. మా కారులో ఏ రోడ్డు మీదైనా ఒకటే హోరు. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి పది కిలోమీటర్లు తిప్పినా తేలిపోయేది, టైరుదైతే చప్పుడు టైరుతో పాటు వెనక్కి పోవాలి. ఒక్క రూపాయి ఖర్చు లేని పని అది. అది చేయలేదు, నాలుగు కొత్త టైర్లు వేశారు. 18,400 రూపాయలు, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ ఇంకో 1,450.

చప్పుడు పోలేదు. ఇంటికి వచ్చేలోపే తెలిసిపోయింది.

మార్చిలో మళ్లీ తీసుకెళ్లాను. అప్పటికి గతుకుల్లో, స్పీడ్ బ్రేకర్ల దగ్గర ముందు నుంచి "టకటక" కూడా తోడైంది. ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి, పాత కారులో ఒకేసారి రెండు చప్పుళ్లు ఉంటే విడదీసి పట్టుకోవడం కష్టమే. కానీ విడదీయడమే కదా మీ పని, దానికే కదా మీ దగ్గరికి వచ్చేది. హోరు వేరు, టకటక వేరు అని నేను రెండుసార్లు చెప్పాను. మీ అడ్వైజర్ రెండిటినీ కలిపి "సస్పెన్షన్" అని ఒకే మాటలో తేల్చేశారు. ముందు షాక్ అబ్జార్బర్లు రెండూ, పైన మౌంట్లు రెండూ మార్చారు, 15,900 అయింది. పాత షాకులకి ఆయిల్ లీకు లేదు. బానెట్ మూల మీద గట్టిగా నొక్కి వదిలితే కారు ఒక్కసారి లేచి నిలబడిపోయేది, ఊగేది కాదు. మౌంట్లు పోతే సాధారణంగా బండి నిలబడి ఉన్నప్పుడు స్టీరింగ్ తిప్పితేనే కిర్రుమనడమో, స్ప్రింగు ఎగిరి పడినట్టు "టంగ్" అనడమో ఉండాలి, అదీ లేదు. పాత సామాను ఇవ్వమని అడిగితే స్క్రాప్‌లోకి వెళ్లిపోయిందన్నారు. నా డబ్బుతో కొన్న కారు నుంచి తీసిన సామాను నన్ను అడగకుండా ఎలా పారేస్తారు?

అలా రెండు చప్పుళ్లూ ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. ఈసారి అడ్వైజర్ అన్న మాట నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించింది. "పన్నెండేళ్ల బండి సార్, చప్పుళ్లు మామూలే, ఎక్స్ఛేంజ్‌లో మంచి రేటు ఇప్పిస్తాను" అన్నారు. నేను కొత్త కారు అడగలేదు. మా అమ్మని నెలకోసారి మంగళగిరి ఎయిమ్స్‌కి చెకప్‌కి తీసుకెళ్తాను. కనకదుర్గ వారధి దాటుతుంటే ఒక్కో జాయింట్ దగ్గరా టకటకమంటే ఆమె డోర్ పట్టుకుని కూర్చునేది, ఏదో ఊడిపోతుందేమో అని ఆమెకి టెన్షన్. ఆమె భయం నిజమే అని తర్వాత తెలిసింది. బేరింగ్ పూర్తిగా పోయేదాకా నడిపితే చక్రం ఊగిపోతుంది, హబ్ కాలిపోయేంత వేడెక్కుతుంది, మరీ ముదిరితే చక్రమే ఊడి రావచ్చు. వయసు వల్ల వచ్చిన చప్పుడు అని చెప్పి పంపించే ముందు ఆ ఒక్క ప్రమాదం లేదని తేల్చుకోవాలి కదా.

మేలో మూడోసారి వెళ్లాను. ఈసారి వర్క్స్ మేనేజర్‌ని కలిసి గట్టిగా అడిగితే బేరింగ్ మారుస్తామన్నారు. అయితే మార్చింది ఎడమది. ఎడమ మలుపులో చప్పుడు పెరిగింది అంటే ఎడమ చక్రమే అనుకున్నారో ఏమో. బండి ఎడమకి తిరిగితే బరువు కుడి వైపు పడుతుంది, ఆ బరువుకి మూలిగేది కుడి బేరింగ్. నేను మెకానిక్‌ని కాదు, నాకే ఇది అర్థమైంది. 6,700 తీసుకున్నారు. హోరు అలాగే ఉంది, పైగా బండి తీసుకుని గేటు దాటగానే ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లైటు వెలిగింది. వెనక్కి తిప్పి తెస్తే "సెన్సార్ పోయినట్టుంది, ఎస్టిమేట్ ఇస్తాం" అన్నారు. లోపలికి వెళ్లేటప్పుడు వెలగని లైటు బయటికి వచ్చేటప్పుడు వెలిగితే తప్పు ఎవరిది?

అక్కడితో నా ఓపిక అయిపోయింది. జూన్‌లో ఆటోనగర్‌లో తెలిసినవాళ్లు చెప్పిన ఒక మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్లాను. ఆయన చేసిన పని వివరంగా రాస్తున్నాను, దయచేసి మీ టెక్నికల్ వాళ్ల చేత చదివించండి. ముందు నన్ను ఐదు నిమిషాలు మాట్లాడనిచ్చాడు. తర్వాత నన్నే డ్రైవ్ చేయమని పక్కన కూర్చుని, ఏసీ ఆపి అద్దాలు ఎత్తించి, హైవే మీద ఎనభైకి తెప్పించి, లేన్‌లోనే మెల్లగా ఎడమకి కుడికి తిప్పించాడు. "కుడి ముందుది అన్నా" అన్నాడు. అయినా అంతటితో నమ్మేయలేదు. షెడ్డుకి వచ్చి జాకీ ఎత్తి, స్టాండు పెట్టి, కుడి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కొంచెం ప్లే వచ్చింది, అప్పటికి నాలుగు నెలలు ముదిరింది కదా. కుర్రాడిని బ్రేకు తొక్కి పట్టమని మళ్లీ ఊపాడు, ప్లే పోయింది. బ్రేకు తొక్కినా ప్లే ఉంటే బాల్ జాయింటో ఇంకోటో అనుకోవాలి, తొక్కగానే పోయింది కాబట్టి బేరింగే అన్నాడు. తర్వాత ఒక చేత్తో చక్రం తిప్పుతూ ఇంకో చెయ్యి సస్పెన్షన్ స్ప్రింగు మీద పెట్టమన్నాడు. నా చేతికే తెలిసింది, లోపల ఇసుక నలిగినట్టు గరగరమంటోంది. అవతలి వైపు స్ప్రింగు మీద ఆ గరగర లేదు. వెనక చక్రాలు రెండూ కూడా అలాగే చూసి బాగున్నాయన్నాడు.

టకటకకి ఇంకా తేలిక. ముందు రెండు వైపులా, మలుపుల్లో బండి పక్కకి ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ బార్‌ని సస్పెన్షన్‌కి కలిపే లింక్ రాడ్లు విప్పేసి, మెల్లగా వీధి చివరి గతుకుల దాకా వెళ్లి వచ్చాడు. చప్పుడు లేదు. రాడ్ల చివర బాల్ జాయింట్లు చేత్తో కదిపితే వదులుగా లటలటలాడుతున్నాయి. లోయర్ ఆర్మ్ బుష్‌లు కూడా లివర్ పెట్టి ఎత్తి చూసి ఇంకా బాగున్నాయి, మార్చొద్దన్నాడు. మార్చితే ఆయనకే డబ్బు వచ్చేది, అయినా వద్దన్నాడు.

ఏబీఎస్ సంగతి ఎడమ నకిల్ (బేరింగ్ కూర్చునే ఇనుప భాగం) విప్పితే బయటపడింది. మా కారు బేరింగ్‌కి ఒక వైపు సీలులో అయస్కాంతపు రింగు ఉంటుంది, అది సెన్సార్ వైపుకి ఉండాలి. మీ వాళ్లు బేరింగ్‌ని తిరగేసి కొట్టారు. కొట్టారు అనే రాస్తున్నాను, ఎందుకంటే రేస్ అంచు మీద సుత్తి దెబ్బల ఆనవాళ్లు ఉన్నాయి, ఫోటోలు జత చేశాను. అది ప్రెస్ మీద పెట్టి, నకిల్లోకి దించేటప్పుడు ఒత్తిడి బయటి రేస్ మీదే పడేలా నొక్కాల్సిన సామాను. సుత్తితో కొడితే బాల్స్ రేస్‌లో గుంటలు చేస్తాయి, కొత్త బేరింగే కొన్నాళ్లకి హోరు మొదలుపెడుతుంది. ఆయన ఆ ఎడమది తీసేసి కొత్తది, కుడిది కొత్తది, రెండూ ప్రెస్ చేయించి, యాక్సిల్ నట్లు కొత్తవి వేసి టార్క్ రెంచ్‌తో బిగించాడు. కుడి బేరింగ్ పనికి 3,700, మీరు పాడుచేసిన ఎడమదానికి ఇంకో 3,700, లింక్ రాడ్లకి 1,500, మొత్తం 8,900. తీసిన సామాను అంతా సంచిలో వేసి ఇచ్చాడు, నా దగ్గరే ఉంది, మీ ఇంజినీరు ఎప్పుడైనా వచ్చి చూడొచ్చు. ఏబీఎస్ లైటు ఆరిపోయింది. హోరు లేదు, టకటక లేదు. మొన్న వారధి మీద మా అమ్మ నిద్రపోయింది.

మీ దగ్గర నేను కట్టింది మొత్తం 42,450 రూపాయలు. టైర్లు ఎలాగూ ఏడాదిలోపు మార్చాల్సినవే కాబట్టి ఆ డబ్బు, అలైన్‌మెంట్ డబ్బు అడగను. షాకులు, మౌంట్లకి తీసుకున్న 15,900, ఎడమ బేరింగ్‌కి తీసుకున్న 6,700, దాన్ని సరిచేయడానికి బయట అయిన 3,700, మొత్తం 26,300 రూపాయలు వాపసు ఇవ్వాలి. ఎడమ బేరింగ్ నిజంగా పాడైంది కాబట్టే మార్చాం అంటారేమో, తీసిన పాతది చూపించండి, అప్పుడు మాట్లాడదాం. షాకుల విషయంలోనూ అంతే.

డబ్బుతో పాటు ఇంకో రెండు కావాలి. నా మూడు జాబ్ కార్డుల మీద ఎవరు ఏ పరీక్ష చేసి ఏ నిర్ణయానికి వచ్చారో రాతపూర్వకంగా చెప్పండి, పరీక్ష చేయకపోతే చేయలేదని రాయండి. రెండోది, బుడమేరు నీళ్లలో మునిగి మీ సర్వీస్ సెంటర్‌కి వచ్చిన కారు నాదొక్కటే కాదు, ఆ వారం మీ యార్డు నిండా టో చేసుకొచ్చిన కార్లే నా కళ్లతో చూశాను. వాళ్లందరి నంబర్లు మీ దగ్గర ఉన్నాయి. ఫోన్ చేసి పిలిపించి నాలుగు చక్రాల బేరింగులూ ఉచితంగా చూడండి. వాళ్లలో కొందరు ఈపాటికే "టైర్ సౌండ్" అనుకుని పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీద తిరుగుతూ ఉంటారు.

సర్వీస్ సెంటర్ వాళ్లకి రెండు మెయిళ్లు పెట్టాను, "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని జవాబు వచ్చింది తప్ప ఎవరూ ఫోన్ చేయలేదు. అందుకే నేరుగా మీకు రాస్తున్నాను. పదిహేను రోజులు చూస్తాను. ఆలోపు జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఇక్కడే విజయవాడలో జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. బిల్లులు, జాబ్ కార్డులు, ఫోటోలు, సంచిలోని సామాను అన్నీ సిద్ధంగా ఉన్నాయి. నా నంబరు, కారు వివరాలు జాబ్ కార్డు కాపీల మీద ఉన్నాయి, సాయంత్రం ఆరు తర్వాత చేస్తే మాట్లాడటానికి వీలవుతుంది.

ఇట్లు,
పన్నెండేళ్లుగా మీ కస్టమర్,
పాయకాపురం, విజయవాడ