తేదీలు ఖరారు కాకముందే పిల్లల్ని అడగండి

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయికి పదమూడేళ్లు, టైప్-1 షుగర్. పోయిన నెల ఒక ఆసుపత్రిలో, పరిశోధనలో చేరుస్తారా అంటూ నాకు ఆరు పేజీలు, పిల్లకి విడిగా ఒక పేజీ ఇచ్చారు. నేను సంతకం పెట్టేశాను. అది మాత్రం పెన్ను పట్టుకుని "రక్తం తీసే రోజులన్నీ మా పరీక్షల వారంలోనే ఉన్నాయి, మార్చరా ఆంటీ?" అంది. తేదీలు ముందే ఖరారయ్యాయమ్మా అన్నారు ఆ కాగితాలిచ్చిన ఆవిడ, పాపం ఆవిడ చేతిలో మాత్రం ఏముంది?

మా ఖమ్మం జిల్లా వాళ్లకి ఇంతకంటే పెద్ద అనుభవమే ఉంది. 2009లో పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఇక్కడ 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేయించాయి, హాస్టళ్లలో ఉన్న ఎంతోమంది పిల్లల తరఫున అమ్మానాన్నలకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారని తర్వాత బయటపడింది. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడుతుంది. అప్పుడు చనిపోయిన పిల్లల విషయంలో టీకాయే కారణమని విచారణలో తేలలేదు కూడా. అయినా మా వీధిలో ఇప్పటికీ దాని పేరెత్తితే తల్లులు వద్దంటే వద్దంటారు. అడక్కుండా వేశారన్నదే వాళ్లకి గుర్తుంది.

ఇప్పుడు నియమాలున్నాయి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఏడేళ్లు దాటిన పిల్లల్ని నోటిమాటగా, పన్నెండు దాటితే రాతపూర్వకంగా ఒప్పుకుంటావా అని అడగాలి. సంతోషమే, కానీ అంతా నిర్ణయించేశాక సంతకం దగ్గర అడిగితే పిల్లలు అవుననో కాదనో అనడం తప్ప ఇంకేం చెప్పగలరు? బ్రిటన్‌లో పిల్లలతోనే సలహా బృందాలు ఉన్నాయి, పరిశోధన మొదలవకముందే వాళ్లు కాగితాలు చదివి ఇది అర్థం కాలేదు, ఇన్ని సూదులు ఎందుకు అని చెబుతారు. మన హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, నిలోఫర్ పిల్లల ఆసుపత్రి ఉంది. పదిమంది పిల్లల్ని, అందులో హాస్టల్ పిల్లలూ గిరిజన పిల్లలూ ఉండేలా, ఒక ఆదివారం కూర్చోబెట్టి తెలుగులో అడగడానికి పెద్ద ఖర్చేం కాదు. పరిశోధనల మంచిచెడ్డలు చూసే ఎథిక్స్ కమిటీలు కూడా అనుమతి ఇచ్చేముందు, ఈ కాగితం ఏ పిల్లలు చదివారు అని ఒక్క మాట అడగాలి.

మా అమ్మాయి ఇంకా సంతకం పెట్టలేదు. ఆ పేజీ వెనక నాలుగు ప్రశ్నలు రాసుకుంది, మొదటిది "మధ్యలో మానేస్తే డాక్టర్ గారికి కోపం వస్తుందా?" అని. సోమవారం తీసుకెళ్తున్నాను.

— ఒక తల్లి, ఖమ్మం