అక్కడ రాయి ముట్టుకోనివ్వరు, ఇక్కడ అదే జాతి రాయిని కంకర చేస్తున్నాం

ఎడిటర్ గారికి నమస్కారం,

అంటార్కిటికా మీద వార్త వచ్చినప్పుడల్లా మన పేపర్లలో ఒక పెంగ్విన్ ఫొటో వేసి, మంచు కరుగుతోంది, సముద్రం పెరుగుతోంది అని రాసి వదిలేస్తున్నారు. అది తప్పని నేననట్లేదండీ, రాయాల్సిందే, కానీ ఆ మంచు కింద ఉన్న నేల గురించి ఎవరూ రాయరు, ఆ నేలకీ మన వైజాగ్ కొండలకీ చుట్టరికం ఉందని చాలామందికి తెలీదు, అందుకే ఈ ఉత్తరం.

2012 మార్చిలో మన దేశం అక్కడ భారతి అనే స్టేషన్ మొదలుపెట్టింది కదా, అది ఉన్నది ప్రిడ్జ్ బే ఒడ్డున, లార్స్‌మన్ హిల్స్‌లో. ఆ కొండల ప్రాంతం అంతా కలిపి ఓ 40 చదరపు కిలోమీటర్లు ఉంటుంది, కానీ చుట్టూ ఎటు చూసినా మంచే ఉన్న చోట ఇక్కడ మాత్రం రాయి బయటపడి కనిపిస్తుంది. వాళ్లకి ఎండాకాలం అంటే డిసెంబర్, జనవరి. పగలు 4 డిగ్రీలు దాటే రోజులు చాలానే ఉంటాయి, రాయి ఎండని పీల్చుకుని వేడెక్కి చుట్టూ మంచు కరిగి పల్లాల్లోకి పారుతుంది, అలా చిన్నా పెద్దా కలిపి 150కి పైగా చెరువులున్నాయి. చలికాలంలో నెల సగటే మైనస్ 15 నుంచి మైనస్ 18. వానలు ఉండవు, పడేదంతా మంచే. ఇంక గాలి. లోపల ఎత్తుమీద మంచుకి ఆనుకుని చల్లబడి బరువెక్కిన గాలి, నీళ్లు పల్లానికి పారినట్టు వాలు వెంట సముద్రం వైపు జారి వస్తుంది.

ఇప్పుడు రాయి సంగతి. అక్కడ ఎక్కువగా కనిపించేది గార్నెట్, సిలిమనైట్ లాంటి ఖనిజాలున్న నైస్ (gneiss) అనే రాయి, అంటే భూమి లోపల వేడికీ ఒత్తిడికీ మారిపోయి చారలు తేలిన రాయి. మన తూర్పు కనుమల్లో దీనికి దగ్గరి రాయినే ఖోండలైట్ అంటారు, ఖోండ్ గిరిజనుల పేరు మీద పెట్టిన పేరు అది. దాదాపు 100 కోట్ల ఏళ్ల కిందట మన తూర్పు కనుమలూ ఆ తీరమూ ఒకే పర్వతాల వరస, విడిపోయింది 13 కోట్ల ఏళ్ల కిందట. అచ్చంగా ఒకటే రాయి అనను, ఎందుకంటే అక్కడి రాయి 53 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల మళ్లీ ఒకసారి బాగా కాగింది, కానీ తోబుట్టువులే. మహానది లోయా, అక్కడ లాంబర్ట్ గ్లేసియర్ అనే మంచు నది కింద ఉన్న లోయా ఒకే పగులుకి రెండు కొసలని జియాలజిస్టులు చెప్తారు.

మొన్న భీమిలి బీచ్‌లో అల వెనక్కి పోయాక తడి ఇసుకలో నల్ల చార పక్కనే ఎర్ర చార కనిపిస్తే గుప్పెడు తెచ్చి, ఆరబెట్టి, తెల్లకాగితం మీద పోసి మా మనవరాలికి భూతద్దంలో చూపించా. దానిమ్మ గింజల్లా ఉన్నాయి తాతయ్యా అంది. అవి మన కొండలు అరిగి కొట్టుకొచ్చిన గార్నెట్లు.

నా బాధ ఏంటంటే, లార్స్‌మన్ హిల్స్‌లో స్టోర్నెస్ అనే చోట బోరాన్, ఫాస్ఫేట్ ఉన్న అరుదైన ఖనిజాలు ఉన్నాయని 2014లో దాన్ని ప్రత్యేక రక్షిత ప్రాంతం చేశారు, పర్మిట్ లేకుండా అడుగు కూడా పెట్టకూడదు. అసలు ఆ ఖండం మొత్తంలో గనుల తవ్వకమే నిషేధం, 1991 ఒప్పందం అది, మన దేశమూ ఒప్పుకుంది. ఇక్కడేమో మా ఇంటికి రెండు కిలోమీటర్లలో ఉన్న కొండని రోజూ పేల్చి క్రషర్‌లో వేస్తున్నారు, కంకర లారీలు తెల్లవారుజామునే మొదలవుతాయి. రోడ్లూ ఇళ్లూ కట్టొద్దని అనను, కంకర కావాలి, కానీ ఒక్క రాతి ముఖమైనా కంచె వేసి ఉంచి, ఇది ఏ రాయి, ఎన్నేళ్లది, దీని తోబుట్టువు ఎక్కడుంది అని తెలుగులో ఒక బోర్డు పెట్టలేమా? కాలేజీ పిల్లలు వచ్చి చూసుకుంటారు కదా.

మీ ఆదివారం పిల్లల పేజీలో ఒక్కసారి పెంగ్విన్ బదులు భారతి దగ్గరి రాయి ఫొటో, పక్కనే మా కొండ రాయి ఫొటో వేయండి. మా వైపు ఫొటోకి మాత్రం తొందరగా మనిషిని పంపండి, తూర్పు వైపు సగం కొండ ఇప్పటికే లేదు.

ఇట్లు,
భీమిలి నుంచి ఒక పాఠకుడు