పదిమంది రాసే రోగి రికార్డుకు బాధ్యులెవరు?

ఆరోగ్య శాఖ కార్యదర్శి గారికి,

నమస్కారం. ప్రాథమిక వైద్యంలో పనిచేసే డాక్టరుగా ఈ లేఖను అందరి ముందూ ఉంచుతున్నాను. రోగుల ఎలక్ట్రానిక్ రికార్డులను వైద్యులు, నర్సులు, ఫార్మసిస్టులు పంచుకోవడం మంచిదేనని నమ్ముతాను. స్పృహ లేని మనిషికి ఏ మందు పడదో తెరమీద కనిపిస్తే ప్రాణం నిలవవచ్చు. నా ఆందోళన నియమాల గురించి.

ఒకసారి నా దగ్గరకు వచ్చిన అమ్మాయి రికార్డులో పెన్సిలిన్ అలర్జీ నమోదు మాయమైంది. ఎవరు తీశారో, ఎందుకు తీశారో ఎక్కడా లేదు. వాళ్ళ అమ్మ గుర్తుచేయబట్టి సరిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ప్రతి నమోదుకూ రాసినవారి పేరు, హోదా, తేదీ ఉండాలి. తప్పును చెరిపేయకుండా, పాత మాట కనిపిస్తూనే పక్కన దిద్దుబాటు చేరాలి. అలర్జీల, మందుల జాబితాను సరిచూసే పని ఫలానావారిదని స్పష్టంగా అప్పగించాలి. అందరి పని అంటే ఎవరూ చేయరు.

ఇక గోప్యత. రోగి నమ్మి చెప్పిన రహస్యాలను కాపాడతానని ప్రపంచ వైద్య సంఘం 1948లో ఆమోదించిన జెనీవా ప్రకటన వైద్యుడిచేత ప్రమాణం చేయిస్తుంది. మానసిక వేదన, గర్భస్రావం, ఇంట్లో హింస గురించి రోగి గొంతు తగ్గించి చెబుతారు. ఆ వివరాలు ఎవరి పనికి ఎంత అవసరమో అంతవరకే తెరుచుకోవాలి. తన రికార్డును ఎవరెవరు చూశారో రోగి అడిగితే చూపించాలి.

సాఫ్ట్‌వేర్ కొనకముందే వైద్యులనూ రోగులనూ కూర్చోబెట్టి ఈ మార్గదర్శకాలు రాయించండి.

భవదీయుడు,
ఒక కుటుంబ వైద్యుడు