మా పాప కడుపునొప్పిని నమ్మినవాళ్లకు

ఏడాదిన్నరగా మా పాపకి పొద్దున లేస్తే కడుపులో మెలిపెట్టే నొప్పి. కొన్నాళ్లు విరేచనాలు, కొన్నాళ్లు మలబద్ధకం. పరీక్షల్లో ఏమీ తేలలేదు. దాంతో "స్కూలు ఎగ్గొట్టడానికి నాటకాలు" అన్న మాట మొదలైంది. ఒకరోజు నేనూ అన్నాను. అది ఎదురు చెప్పలేదు, తల దించుకుని బూట్లు వేసుకుంది.

డాక్టరమ్మా, ముందు మీకు దండం. బరువు తగ్గిందా, మలంలో రక్తం పడుతోందా, నొప్పికి రాత్రి నిద్ర లేస్తోందా అని ఒక్కొక్కటే అడిగారు. గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉందేమోనని ఆ పరీక్ష కూడా చేయించాకే ఐబీఎస్ అన్నారు, అంటే పరీక్షల్లో ఏమీ తేలకపోయినా కడుపునొప్పి, విరేచనాలు, మలబద్ధకం వచ్చే పేగుల సమస్య. తర్వాత పాప వైపు తిరిగి, "నీ నొప్పి నిజమే తల్లీ. నీ పేగుల్లో నరాలు చిన్న కదలికని కూడా నొప్పిగా మెదడుకి చెబుతున్నాయి" అన్నారు. పాప భోరున ఏడ్చింది. దాన్ని నమ్మిన మొదటి మనిషి మీరే.

డైటీషియన్ గారూ, అప్పటికే పాలు, గోధుమ, ఉల్లి, వెల్లుల్లి, యాపిల్ అన్నీ మానిపించి పిల్లని నీరసపెట్టాను. ఆస్ట్రేలియాలోని మోనాష్ యూనివర్సిటీ వాళ్లు రూపొందించిన లో ఫాడ్‌మ్యాప్ పద్ధతిలో (పేగుల్లో సరిగా అరగక గ్యాస్ చేసే కొన్ని రకాల చక్కెరలున్న తిండిని తగ్గించడం) మానేది 2 నుంచి 6 వారాలేనని, ఆ తర్వాత ఒక్కొక్కటే తిరిగి పెట్టి చూడాలని, ఎదిగే పిల్లలకి సొంతంగా చేయకూడదని మీరే చెప్పారు. చివరికి మా పాపకి పడనివి ఉల్లి, వెల్లుల్లి మాత్రమే.

సైకాలజిస్టు గారికి ఎంత చెప్పినా తక్కువే. హిప్నోథెరపీ, అంటే ఒంటినీ మనసునీ సడలించి మాటలతో కడుపుని నెమ్మదింపజేసే చికిత్స, అనగానే భయపడ్డాను. పిల్లలపై నెదర్లాండ్స్‌లో చేసిన అధ్యయనం 2007లోనే వచ్చిందని, రికార్డింగ్ వింటూ ఇంట్లోనే చేసుకోవచ్చని ఓపిగ్గా వివరించారు. నాకూ ఒక పని పెట్టారు: "నొప్పిగా ఉందా?" అని అడగడం మానేయమన్నారు. అడిగినప్పుడల్లా దాని ధ్యాస కడుపు మీదికే పోతుందట. రోజుకి పదిసార్లు అడిగేదాన్ని. మందు వేయడం కన్నా ఆ ఒక్క ప్రశ్న మింగడమే కష్టమైంది.

క్లాస్ టీచర్ గారూ, అందరి ముందూ చెయ్యెత్తి అడిగే పని లేకుండా, బల్ల మీద నీలం కార్డు పెట్టి బాత్రూమ్‌కి వెళ్లిపొమ్మన్నారు. ఆ కార్డు బ్యాగులో ఉంటే చాలు, స్కూలుకి ధైర్యంగా వెళ్తోంది.

నొప్పి పూర్తిగా పోలేదు. పోయిన వారం మళ్లీ వచ్చింది. నన్ను పిలవలేదు. గదిలో పడుకుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, అరచెయ్యి పొట్ట మీద వేసుకుంది. నేను తలుపు బయటే నిలబడ్డాను, ఏమీ అడగలేదు. ఇరవై నిమిషాలకి బయటికొచ్చి, "అమ్మా, నా రంగు పెన్సిళ్లు ఎక్కడ?" అంది.