పద్మా, ముందు ఆ కాఫీ సంగతి చూడు

పద్మా,

నీ ఉత్తరం అందింది. థైరాయిడ్ మందగిస్తే రక్తంలో పెరిగే టీఎస్‌హెచ్ నీకు 14 ఉంది, డాక్టరు రాసింది 50 మైక్రోగ్రాముల లెవోథైరాక్సిన్, అదే థైరాయిడ్ మాత్ర. పది రోజులుగా వేసుకుంటున్నా నీరసం అలాగే ఉందని వాపోయావు. పది రోజులకే ఏం తేలుతుందే? లెవోథైరాక్సిన్ ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. రోజూ వేసుకుంటూ పోతే మోతాదు నిలకడకి రావడానికి అయిదారు వారాలు. అందుకే 6 నుంచి 8 వారాలయ్యాక రక్తం ఇమ్మంటారు. ఈలోపే పరీక్ష చేయించుకుని, ఆ అంకె పట్టుకుని డోసు మార్చమని డాక్టర్ని వేధించకు. నీరసం ముందు తగ్గుతుంది. జుట్టు రాలడం మాత్రం నెలల తరబడి సతాయిస్తుంది.

అసలు చిక్కు నీ ఫిల్టర్ కాఫీతో. మాత్ర మింగిన పది నిమిషాలకే కాఫీ పడితే, పేగు పీల్చుకోవాల్సిన మందులో కొంత వృథా. పాలు పోసినా పోయకపోయినా అంతే. పరగడుపున, గ్లాసుడు మంచినీళ్ళతో వేసుకో. తర్వాత అరగంట, కుదిరితే గంట, ఏమీ వద్దు. అయిదున్నరకి మాత్ర, ఆరున్నరకి కాఫీ. సీసా మంచం పక్కనే పెట్టుకుంటే సరి. పొద్దున కుదరదంటావా, డాక్టరుతో చెప్పి రాత్రికి మార్చుకో, భోజనమైన మూడు గంటలకి. ఏదో ఒకటే పట్టుకో, ఇవాళ పొద్దున రేపు రాత్రి అని కాదు.

కాల్షియం, ఐరన్ మాత్రలు కూడా వేసుకుంటున్నానన్నావు. అవి పేగులో ఈ మందుని పట్టేసుకుంటాయి, ఒంటికి పట్టనివ్వవు. నాలుగు గంటల ఎడం ఉండాలి, అంటే మధ్యాహ్నం భోజనం తర్వాతే. మల్టీవిటమిన్లలోనూ ఇవే ఉంటాయి, అట్ట వెనక చదువు. గ్యాస్‌కని రోజూ పాంటోప్రజోల్ వేసుకుంటే అదీ డాక్టరుకి చెప్పు, కడుపులో ఆమ్లం తగ్గితే మాత్ర సరిగ్గా కరగదు. ఇక క్యాబేజీ, కాలీఫ్లవర్ మానేయమని మీ పక్కింటావిడ చెప్పిందా? వండుకుని మామూలుగా తిను, ఏం కాదు.

ఒక పూట మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు, కడుపు ఖాళీగా ఉన్న వేళ చూసి వేసుకో. సీసాని పొయ్యి పక్క గూట్లోనో, బాత్రూం అలమరలోనో పెట్టకు; వేడికీ తేమకీ మందు చెడుతుంది. షాపువాడు థైరోనార్మ్ లేదు, అదే మందు వేరే కంపెనీది ఎల్ట్రాక్సిన్ ఇస్తానంటే వెంటనే తలూపకు. మార్చక తప్పకపోతే డాక్టరుకి చెప్పు, ఆరు వారాలకి మళ్ళీ పరీక్ష చేయించుకోవాలి.

గుండె దడ, చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం మొదలైతే డోసు ఎక్కువైందేమో, ఆగకుండా వెళ్ళి చూపించుకో. ఛాతీలో నొప్పి వస్తే నేరుగా ఆసుపత్రికే. బాగానే ఉంది కదా అని నీ అంతట నువ్వు మానేయకు సుమా. మీ చెల్లెలు కూడా ఇదే మాత్ర వేసుకుంటోందిగా, నెల తప్పిందని తెలియగానే డాక్టరుకి చెప్పమను. కడుపుతో ఉన్నప్పుడు మందు ఎక్కువ కావాలి.

పరీక్ష రోజు ముందు రక్తం ఇచ్చి, ఆ తర్వాత మాత్ర వేసుకో. జుట్టుకని బయోటిన్ వాడుతున్నావుగా, కనీసం రెండు రోజుల ముందు ఆపు, పెద్ద డోసైతే ఇంకా ముందే. అది రక్తంలో ఉంటే చాలా ల్యాబుల్లో టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుంది, డాక్టరు డోసు తగ్గించేస్తాడు. రిపోర్టు రాగానే అంకెతో పాటు పక్కనున్న ల్యాబు రేంజి కూడా రాసి పంపు.

నీ
సుజాత