ఆ రెండు ఆకులూ ఫొటో తీసుకోనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

పాత తెలుగు పుస్తకాలన్నీ ఇంటర్నెట్‌లోకి ఎక్కేశాయి, ఇక బెంగ లేదని సభల్లో తరచూ వింటున్నాను. ఎక్కినవాటిలో చాలామటుకు పుస్తకాల ఫొటోలే. వాటిలో ఒక మాట వెతికితే దొరకదు. ఫోన్లో అక్షరం పెద్దది చేసుకుంటే సగం వాక్యం తెర బయటికి పోతుంది. చూపు లేనివారికి చదివి వినిపించే యాప్‌కి ఆ పేజీ ఉత్త తెల్లకాగితమే. మన ఖండవల్లిలో పుట్టిన చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు చూపు పోయాక కూడా నోటితో చెప్పి రాయించారు. ఆయన రాసింది చూపు లేని పిల్లలు వినాలన్నా ఎవరో ఒకరు కూర్చుని ఆ ఫొటోని అక్షరాల్లోకి దించాల్సిందే.

నేను రాజమండ్రిలో ఒక ప్రెస్సులో ఇరవై రెండేళ్లు కంపోజింగ్ చేశాను. సీసం అక్షరాలు తిరగేసి చదివిన కళ్లు కదా, పాత పుస్తకాలను అక్షరాల్లోకి దించి ఉంచే తెలుగు వికీసోర్సు అనే వెబ్‌సైటు మా మనవరాలు తెరిచి చూపించాక ఊరుకోలేకపోయాను. అందులో ఒక పక్క స్కాన్ చేసిన పేజీ, ఇంకో పక్క దాన్ని యంత్రం చదివి పెట్టిన పాఠం ఉంటాయి. రెండూ పోల్చుకుంటూ దిద్దుకుపోవాలి. డబ్బులివ్వరు, ఎవరైనా చేయొచ్చు.

కొత్త పుస్తకాలను యంత్రం బాగానే చదువుతోంది, పాత అచ్చు దగ్గరే బోల్తా పడుతోంది. అరసున్న (ఁ) కనిపిస్తే ఇంగ్లీషు సీ అనుకుంటుంది. ధర్మం అన్న మాటలో ర్‌ను వలపలగిలక అనే పాత గుర్తుతో అచ్చువేస్తే, ఆ గిలక తెలుగు తొమ్మిదిలా ఉంటుంది కాబట్టి ధర్మం మధ్యలో ఒక అంకె వచ్చి కూర్చుంటుంది. టైపు అరిగితే య, మ దానికి ఒకటే. ఒక వేదాంత పుస్తకంలో మాయ అని ఉన్నచోటల్లా మామ అని చదివి పెట్టింది. లోకమంతా మామే అనేసరికి మా ఇంట్లో ఒకటే నవ్వులు!

చదువుకున్నవాళ్లతో ఇంకో చిక్కు. ‘వ్రాసినాఁడు’ కనిపిస్తే చెయ్యి ఊరుకోక ‘రాశాడు’ అని మార్చేస్తారు. కాపీలో ఎలా ఉంటే అలాగే పెట్టమని మా ఫోర్‌మన్ నెత్తిన మొట్టి మరీ నేర్పాడు, ఇక్కడా అదే నియమం. పద్యపాదం ఎక్కడ విరిగిందో అక్కడే విరవాలి, అడుగున ఉన్న వివరణ అడుగునే ఉండాలి. ఒకరు దిద్దితే పేజీ పసుపు రంగుకి వస్తుంది. వేరే మనిషి రెండోసారి చూసి సరే అంటేనే ఆకుపచ్చ అవుతుంది. నావి చాలా పేజీలు పసుపులోనే ఉండిపోయాయి. డిగ్రీ కాలేజీల తెలుగు శాఖలవారు పిల్లలకు ప్రాజెక్టుగా రోజుకో పేజీ ఇస్తే ఈ బాధ తీరుతుంది. ఒకరి ప్రాజెక్టు చూసి ఇంకొకరు రాసుకోవడం కన్నా మేలే కదా.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరు. స్కానుల్లో ఆకులు గల్లంతవుతున్నాయి. కొన్నిచోట్ల తీసినవారి బొటనవేలు నాలుగు పంక్తుల మీద పడి ఉంది. తప్పొప్పుల పట్టిక చివరాకున ఉంటుంది కనుక ముందు చిరిగేది అదే. నేను దిద్దుతున్న పుస్తకంలో రెండు ఆకులు, అంటే నాలుగు పేజీలు, లేవు. అదే పుస్తకం మా దగ్గర్లోని ఒక శాఖా గ్రంథాలయంలో బీరువా అడుగున దొరికింది. ప్రాణం లేచొచ్చింది. కానీ ఫొటో తీసుకుంటానంటే కుదరదన్నారు. లైబ్రేరియన్ అమ్మాయి తప్పేమీ లేదు. “నాకేం అభ్యంతరం లేదు బాబాయిగారూ, రేపు ఆడిట్‌లో అడిగితే నేనేం చెప్పనండి?” అంది. పై ఆఫీసుకు మూడుసార్లు తిరిగాను, కాగితం రాలేదు. మూడోసారి వెళ్లొచ్చేసరికి పుస్తకం వెనక అట్టకి చెద పట్టింది. గోదారి చెమ్మలో పాత కాగితం ఆర్డరు వచ్చేదాకా ఆగదు.

చట్టం అడ్డమా అంటే, అదీ కాదు. రచయిత పోయిన ఏడాది దాటాక 60 ఏళ్లు గడిస్తే, బతికుండగా వేసిన పుస్తకాలకు కాపీరైటు ఉండదు. 1965లో పోయినవారివి కూడా 2026 జనవరి 1తో అందరివీ అయ్యాయి. 1919లో పోయిన కందుకూరి వీరేశలింగంగారి పుస్తకానికి ఎవరి అనుమతి కావాలి? ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం, ఆ బీరువాలో మాకూ వాటా ఉంది.

జిల్లా గ్రంథాలయ సంస్థలవారు ఒక సర్క్యులర్ ఇస్తే చాలు. కాపీరైటు తీరిన పుస్తకాన్ని లైబ్రేరియన్ ఎదుటే, బల్ల మీదే, కుట్టు విరగకుండా ఫోనుతో తీసుకోవచ్చని అందులో రాయాలి. రుసుము పెడితే అదీ కడతాం. నా పుస్తకంలో 57 నుంచి 60 దాకా నాలుగు పేజీలు తప్ప మిగిలిందంతా దిద్దేశాను.

ఇట్లు,
ఒక పాత కంపోజిటర్,
పాలకొల్లు