మూడు పొయ్యిల్లో ఒకటి ఆపాం: పూతరేకుల ఆర్డర్లు ఇచ్చేవారికి

ఈ నెల నుంచి ఆర్డరు నాలుగు రోజుల ముందు చెప్పాలండి. ఇదివరకు పొద్దున ఫోన్ చేస్తే సాయంత్రానికి పెట్టె కట్టి రావులపాలెంలో బస్సుకి అందించేవాళ్లం. కొన్నాళ్లు అది కుదరదు. ధర పెంచలేదు, బియ్యం మారలేదు, నెయ్యి మారలేదు. మూడు పొయ్యిల్లో రెండే నడుస్తున్నాయి, అంతే. "రిపేరు" అని రాసేస్తే సరిపోయేది గానీ, అడిగినవాళ్లందరికీ తలో మాట చెప్పడం కంటే ఉన్నది చెప్పడమే నయం. ఇది మా దగ్గర పనిచేసే ఒకావిడ సంగతి, ఇందులో ఎంతవరకు రాయొచ్చో ఆవిడే చదివి సరేనన్నాక పెడుతున్నాం.

వేసవిలో పొయ్యిలో ఎండు కొబ్బరి కమ్మల మంట ఎగసి ఒకరి చీర అంటుకుంది. ఆ గాయాలు మానాయి. తడి గోనె కప్పి మంట ఆర్పిన రెండో ఆవిడ ఒంటిమీద గీత కూడా పడలేదు. ఇప్పుడు పొయ్యి ముందు కూర్చోలేకపోతున్నది ఆవిడే. కమ్మల మోపు పొయ్యికి రెండడుగుల్లో పెట్టనివ్వడం మా తప్పు. ఇప్పుడు మోపు గోడ అవతల ఉంటుంది, ఒక్కో పొయ్యి పక్కన ఇసుక బకెట్టు, తడి గోనె ఉంటాయి. పైట జారకుండా నూలు ఏప్రాన్ కట్టుకున్నాకే కూర్చుంటారు.

పూతరేకుల పొయ్యి సంగతి మీలో చాలామందికి తెలుసు. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరి కమ్మ తోస్తే చిటపటమని ఒక్కసారి భగ్గుమంటుంది. పిండిలో ముంచిన గుడ్డ కుండ మీద పరిచి లాగితే క్షణాల్లో రేకు లేస్తుంది. చెయ్యి కాస్త వణికినా రేకు ఒకచోట మందం, ఒకచోట చిరుగు. ఆ చిటపట వింటేనే గుండె దడదడలాడి, చెమటలు పట్టి, అరచేతులు చల్లబడే మనిషిని అక్కడ కూర్చోబెట్టి "అలవాటైపోద్దిలే" అనడం సాయం కాదు. ప్రమాదం దాటిపోయిందని బుర్రకి తెలుసు, ఒంటికి ఇంకా తెలియదు. అలాగని "నువ్విక పొయ్యి జోలికే రావద్దమ్మా" అనేసినా ఆ భయం గట్టిపడి కూర్చుంటుంది. ఎక్కువమంది యజమానులం మంచి మనసుతోనే చేసే తప్పు ఈ రెండోది.

మొదటి కొన్ని వారాలు నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం మామూలే. చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. నెల దాటినా తగ్గక పనికీ ఇంటికీ అడ్డం వస్తుంటే డాక్టరుకి చూపించాల్సిందే. దిష్టి తీయించుకుంటే, తాయెత్తు కట్టించుకుంటే మేం వద్దనలేదు, దాంతోపాటే డాక్టరు కూడా అన్నాం. ఆయన్ని మేం అడిగింది జబ్బు పేరు కాదు. ఏ పని చేయొచ్చు, ఏది వద్దు, రోజుకి ఎన్ని గంటలు, మళ్లీ ఎప్పుడు చూపించాలి, ఈ నాలుగే కాగితం మీద రాయించుకున్నాం. యజమానికి అంతకుమించి అక్కర్లేదు.

పనిలోకి తిరిగి వచ్చే మెట్లు సైకాలజిస్టుతో కూర్చుని వేసుకున్నవి. మొదటి రెండు వారాలు పొయ్యిల వాసన తగలని ముందు గదిలో పెట్టెలు కట్టడం, రోజుకి మూడు గంటలు, వారానికి నాలుగు రోజులు. ఆ తర్వాత చుట్టడం: రేకుని తడిగుడ్డతో మెత్తబరిచి, నెయ్యి రాసి, పంచదార పొడి జల్లి మడత పెట్టడం. తర్వాత వెలిగించని పొయ్యి దగ్గర పిండి కలపడం. ఆ పైన వేరొకరు పొయ్యి వెలిగిస్తే గుమ్మం దగ్గర పది నిమిషాలు కూర్చోవడం. భయం రూపాయిలో, అంటే పదహారణాల్లో, ఎంతుంది అని అడిగితే "పన్నెండణాలు" అంటుంది. అది ఆరో ఏడో అణాలకి దిగేదాకా అక్కడే ఉండి, అప్పుడు లేవాలి. పన్నెండు దగ్గరే లేచి వెళ్లిపోతే, పారిపోతేనే బతుకుతానని ఒళ్లు నేర్చుకుంటుంది. మా దగ్గర మామూలుగా కమ్మ తోసేదీ రేకు తీసేదీ ఒకరే. ఈ మెట్ల కోసం ఆ రెండూ విడదీశాం, ముందు రేకు తీయడం, కమ్మ తోయడం అన్నిటికన్నా చివర. ఒకరోజు బాగోకపోతే ఒక్క మెట్టు దిగుతాం, మొదటికి వెళ్లం.

వీటన్నిటికన్నా ముందు మార్చింది కూలి లెక్క. మా దగ్గర రేకుల లెక్కన కూలి. నిదానంగా చేసే మనిషికి ఆ లెక్క శిక్షే. డబ్బులు తగ్గుతున్నాయని రెండో వారంలోనే పొయ్యి దగ్గరకి పరుగెత్తి, మూడో వారానికి మళ్లీ మంచం పడతారు. అందుకే ఈ మెట్లు పూర్తయ్యేదాకా రోజుకూలి, వెనకటి మూడు నెలల సగటు లెక్కన. పదిమంది లేని మాలాంటి చోట ఈఎస్ఐ (పనివాళ్ల ఆరోగ్య బీమా) తప్పనిసరి కాదు, కాబట్టి ఆ ఖర్చు మాదే. మీ ఆర్డర్లు నాలుగు రోజులు ఆలస్యం కావడం వెనక ఈ లెక్క కూడా ఉంది.

మందుల విషయంలో రెండు ముక్కలు. ఇలాంటి వాటికి ఇచ్చే చాలా మందుల గుణం కనపడటానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. పది రోజులకి "పనిచేయట్లేదు" అనీ, రెండు నెలలకి "తగ్గిపోయింది" అనీ ఆపేయకూడదు, డాక్టరు చెప్పాకే తగ్గించాలి. కొన్నిటికి మొదట్లో మగతగా ఉంటుంది, ఆ రోజుల్లో పొయ్యి పనీ వద్దు, మిక్సీ పనీ వద్దు.

ఇక మీకో విన్నపం. పూతరేకులు ఎలా తీస్తారో వీడియో తీసుకుంటామని వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు, 2023లో జీఐ (ఈ ప్రాంతపు ప్రత్యేక సరుకు అన్న) గుర్తింపు వచ్చాక మరీను. ఈ మెట్లు పూర్తయ్యేదాకా పొయ్యి గదిలోకి ఎవరినీ రానివ్వం, ఏమీ అనుకోకండి. ఆవిడ కొట్టు దగ్గర కనపడితే "ఆ రోజు ఏమైందమ్మా, ఎలా ఆర్పావు?" అని అడగొద్దు. మన ఊళ్లలో పరామర్శ అంటే జరిగింది మొదటినుంచీ చెప్పించుకోవడమే. వచ్చిన ప్రతివారికీ చెప్పాలంటే ఆ మంట రోజుకి నాలుగుసార్లు మళ్లీ అంటుకున్నట్టే. "బావున్నావా, భోంచేశావా" చాలు. తోటివాళ్లకీ ఇదే చెప్పాం, వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేయొద్దని కూడా.

మీ మిల్లులోనో చెరువుల మీదో ఇలాంటి అవసరం వస్తే మనసు బాగోలేనివాళ్లకి ఫోన్లో సాయం చేసే టెలీమానస్ 14416 ఉంది. 2022లో కేంద్రం పెట్టింది, ఉచితం, రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారు. కాకినాడ పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. "పిచ్చి డాక్టరు దగ్గరకా" అని మొహం చిట్లించే పెద్దలు ప్రతి ఇంట్లో ఒకరుంటారు, వాళ్లని కూడా తీసుకెళ్తే తేలిక.

పెళ్లి ఆర్డర్లు రెండువందల పెట్టెలు దాటితే ఇప్పుడు ఒప్పుకోవడం లేదు. ఇప్పటికే అడ్వాన్సు తీసుకున్నవి అనుకున్న తేదీకే వస్తాయి. బెల్లం రేకులు మంగళ, శుక్రవారాల్లో మాత్రమే. డ్రైఫ్రూట్ రేకులు ఆపాం, చుట్టడానికి టైమెక్కువ పడుతోంది. మూడో పొయ్యి వెలిగే తేదీ ఇప్పుడే చెప్పలేం, వెలిగిన రోజు బోర్డు మీద రాస్తాం.